పైన తడి, లోపల పొడి: ఒక ఫైకస్ బోన్సాయ్ వాడిపోయిన కేసు

మొక్క ఫైకస్ మైక్రోకార్పా. నర్సరీవాళ్ళు ఉత్త ఫైకస్ అనేస్తారు, మన జువ్వికి దగ్గర చుట్టం. ఎత్తు అడుగున్నర, మొదలు చుట్టుకొలత తొమ్మిది అంగుళాలు, రెండున్నర అంగుళాల లోతున్న పింగాణీ ట్రే. యజమాని ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో కిరాణా కొట్టు నడిపే షావుకారు గారు. ఫిర్యాదు ఒక్కటే: ఆకులు వేలాడిపోతున్నాయి, ఎన్ని నీళ్ళు పోసినా లేవడం లేదు.

ఈ కేసులో మొదటి తప్పు నాదే. అది దాచిపెట్టి రాస్తే మిగతాదంతా చదవడం దండగ.

ముందు మొక్క చరిత్ర. 2015లో కడియం వైపు ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కారు వెనక సీటు మీద పెట్టుకుని తెచ్చారట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మేడ పిట్టగోడ మీంచి పడింది. ఎడమ పక్క పెద్ద కొమ్మ విరిగింది, పాత ట్రే ముక్కలైంది. అప్పుడు ఆ కొమ్మ మొండిని శుభ్రంగా కోసి, పసుపు పెట్టి ఇచ్చింది నేనే. పక్కనుంచి వచ్చిన కొత్త చిగురును తీగ చుట్టి కిందికి వంచి, మూడేళ్ళలో మళ్ళీ కొమ్మ అనిపించుకునేలా చేశారు షావుకారు గారు. కాబట్టి ఇది గట్టి ప్రాణమని నాకు ముందే తెలుసు. ఫైకస్‌లన్నీ అంతే. చంపడానికి కూడా కాస్త ఓపిక కావాలి.

ఆకులు వాడిపోవడం మొదలవడానికి పద్నాలుగు నెలల ముందు, ఫిబ్రవరిలో, ఆయన ఫోన్లో వీడియోలు చూసి తనే మట్టి మార్చారు. కొబ్బరి పొట్టు, మహేంద్రతనయ ఏటి ఇసుక, వర్మీ కంపోస్టు సమపాళ్ళలో కలిపి ఈ పింగాణీ ట్రేలోకి దింపారు. ఆ సంగతి నాకు మొదటి రోజే చెప్పారు. నేను అడగాల్సిన తరువాతి ప్రశ్న మాత్రం అడగలేదు: పాత మట్టి గడ్డను ఏం చేశారు?

మొదటి రాక, ఏప్రిల్ నెలాఖరు

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండున్నర. మేడ మీద ఎండ కాళ్ళు కాలేలా ఉంది. ఆకులు తొడిమల దగ్గర వంగి, గొడుగు ముడిచినట్టు వేలాడుతున్నాయి. కింది కొమ్మల్లో కొన్ని పసుపుపచ్చగా మారి రాలిపోయాయి.

"పొద్దున పోస్తున్నాం, సాయంత్రం పోస్తున్నాం. ఇంకేటి చెయ్యమంటారు మాస్టారూ?" అన్నారు షావుకారు గారు.

మెట్ల మీంచి ఆయన భార్య: "ఇంట్లో మరుగుజ్జు చెట్టు పెడితే ఎదుగూ బొదుగూ ఉండదని చెప్తూనే ఉన్నాను. విన్నారా?" ట్రే పక్కనే నిమ్మకాయ, మిరపకాయలు దారానికి కట్టి ఉన్నాయి. దిష్టికి కూడా వైద్యం మొదలైపోయిందన్నమాట.

ట్రే అంచు దగ్గర వేలు గుచ్చాను. చక్కగా తడి. నీళ్ళు పోసే కుర్రాడు గుమ్మా వైపు నుంచి వచ్చి కొట్లో పనిచేస్తున్నాడు. ఒడియాలోనే జవాబు చెప్పాడు: "మాటి ఓదా అఛి." మట్టి తడిగానే ఉంది. చెంబుడు నీళ్ళు పోయించాను. పది లెక్కపెట్టేలోగా కింది రంధ్రాల్లోంచి ధార కట్టింది. నీరు బాగా దిగుతోంది కదా అని మెచ్చుకున్నాను కూడా.

అక్కడే ఇంకో సంగతి ఉంది. నీళ్ళు పడగానే మొదలు దగ్గరి పగుల్లోంచి నల్ల చీమలు బిలబిలమంటూ పైకొచ్చాయి. చీమలు కనిపిస్తే పిండినల్లి కోసం చూడాలని మనందరికీ అలవాటు. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు తిరుగుతాయి. ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో భూతద్దం పెట్టి వెతికాను. ఒక్కటీ లేదు. సరేలే అని ఆ సంగతి వదిలేశాను.

ఎరువు మాడ్పు కూడా అనుమానించాను. ఆయన వేసింది కొమ్ము పొట్టు. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, నేనూ వాడతాను. నత్రజని మెండుగా ఉన్నా అది మట్టిలో చివికి వేరుకు అందడానికి వారాలు పడుతుంది. పిడికెడు వేసినంత మాత్రాన పచ్చని చెట్టును మాడ్చదు. దాన్ని పక్కన పెట్టాను.

మిగిలింది వేరుకుళ్ళు. రోజుకు రెండు పూటలా నీళ్ళు, తడి మట్టి, పసుపు ఆకులు, కొబ్బరి పొట్టు. లెక్క సరిపోయినట్టే కనిపించింది. నా దగ్గరకొచ్చే వాడిన బోన్సాయ్‌లలో ఎక్కువ భాగం నీళ్ళు ఎక్కువై వాడినవే. ఆ అలవాటే కళ్ళకు గంతలు కట్టింది. రెండు రోజులు నీళ్ళు ఆపమన్నాను. తరువాత కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు తెగుళ్ళ మందు పొడిని లీటరుకు రెండు గ్రాములు కలిపి, ఆ నీళ్ళు మట్టిలో పోయమని చెప్పి, స్కూటరెక్కి పాతపట్నం వెళ్ళిపోయాను.

అయిదో రోజున ఫోన్. ఆకుల అంచులు అప్పడంలా మారాయట. చిటారు కొమ్మల తోలు ముడతలు పడిందట.

ఆకు చెప్పేదెంత

వాడిన ఆకు చెప్పేది ఒక్కటే: నాకు నీళ్ళు అందడం లేదు. ట్రేలో నీళ్ళే లేవా, ఉన్నా వేరు కుళ్ళి తాగలేకపోతోందా, మధ్యలో కాండంలో దారి మూసుకుపోయిందా అన్నది ఆకుకు తెలియదు. మూడింటికీ ఒకే రకంగా వేలాడుతుంది. వంగతోట రైతులకు ఎండు తెగులు పరీక్ష తెలుసు. కాండం కోసి గాజు గ్లాసులో నీళ్ళలో వేలాడదీస్తే, బాక్టీరియా ఉంటే పాలపోగులా కిందికి దిగుతుంది. ఆ పరీక్ష ఫైకస్ మీద చేస్తే నవ్వులపాలే. ఆరోగ్యంగా ఉన్న కొమ్మే పాలు కారుస్తుంది.

ఆ పాలే మరో రకంగా పనికొస్తాయి. కొమ్మను గుండుసూదితో గుచ్చినప్పుడు తెల్ల బొట్టు వస్తే ఆ కొమ్మ బతికుంది. చెట్టులో నీటి ఒత్తిడి తగ్గితే బొట్టు కూడా చిన్నదవుతుంది. బొట్టే రాకపోతే గోటితో తోలు గీరి పచ్చదనం చూడాలి. అదీ లేకపోతే ఆ కొమ్మ మీద ఆశ వదులుకోవచ్చు.

రెండోది, ఏ వేళకు చూస్తున్నామన్నది. మధ్యాహ్నం మూడింటికి వేసవి ఎండలో బాగున్న చెట్టు కూడా కాస్త తల వాల్చుతుంది. ఆకులు వదిలే తేమ వేగానికి వేర్లు అందించలేవు. రాత్రికి అందుకుంటాయి. కాబట్టి వాడిన మొక్కను తెల్లవారకముందు చూడాలి. అప్పటికీ వేలాడుతుంటే తప్పు కింద ఉన్నట్టు. నేను మొదటిసారి మధ్యాహ్నం భోంచేసి వెళ్ళాను.

రెండో రాక, తెల్లవారుజాము

ఈసారి అయిదింటికే వెళ్ళాను. ఆకులు వేలాడుతూనే ఉన్నాయి. గుండుసూదితో పది చోట్ల గుచ్చితే ఏడు చోట్ల పాలు వచ్చాయి, అదీ ఆవగింజంత. ఎడమ పక్క, తుఫాను తరువాత వచ్చిన కొమ్మ మీద రెండు రెమ్మలు పూర్తిగా ఎండిపోయాయి.

"రెండు రోజుల నుంచి మళ్ళీ పోస్తున్నాం" అన్నారు షావుకారు గారు. మట్టి మళ్ళీ తడే. వాసన చూశాను. కుళ్ళిన వేరుకు మురుగు వాసన ఉంటుంది, దూరం నుంచే పట్టేస్తాం. ఇక్కడ వాన పడిన మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. అంచు దగ్గర కాస్త తవ్వి సన్నవేరు ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య పట్టి లాగాను. కుళ్ళితే పైతొడుగు ఊడొచ్చి లోపల దారంలాంటి నార మిగులుతుంది. ఇది ఊడలేదు. తెల్లగా, గట్టిగా ఉంది. నా రోగనిర్ధారణ అక్కడితో చచ్చిపోయింది.

కాసేపు ఏమీ తోచక నిలబడ్డాను. అప్పుడు కొట్లో ఎలక్ట్రానిక్ కాటా కనిపించింది. ట్రేను కిందికి దించి తూకం వేద్దామన్నాను. బస్తాలు తూచే కాటా మీద చెట్టును చూసి, పాల ప్యాకెట్ల కోసం వచ్చినవాళ్ళు ఆగి మరీ చూశారు. నిండా నీళ్ళు పోసి, చుక్క ఆగిన తరువాత తూస్తే 10 కిలోల 850 గ్రాములు. సంఖ్యగా అది నాకు ఏమీ చెప్పలేదు. పోల్చడానికి రెండో సంఖ్య కావాలి.

అది తేలడానికి దబ్బనం పనికొచ్చింది. గోనెసంచులు కుట్టే దబ్బనం కొట్లో గూట్లోనే ఉంది. ట్రే అంచు నుంచి లోపలికి అంగుళం అంగుళం చొప్పున గుచ్చుకుంటూ వెళ్ళాను. మొదటి రెండు అంగుళాలూ వెన్నలో దిగినట్టు దిగింది, తడిగా బయటికొచ్చింది. మూడో అంగుళం దగ్గర, పైనుంచి చిటికెన వేలు గోరంత లోతులో టక్కున ఆగింది. గట్టిగా తిప్పి దించి పైకి లాగితే మొనకు పిండిలాంటి ఎర్రటి దుమ్ము అంటుకుని వచ్చింది. మొదలు చుట్టూ ఎటు గుచ్చినా అదే. పైన పరుచుకున్న కొబ్బరి పొట్టును గరిటెతో పక్కకు నెట్టాను. కింద పాత జిగటమట్టి గడ్డ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. వెడల్పు జానెడు కంటే కాస్త తక్కువ. ఇటుకలా బిగుసుకుని, చుట్టూ అగ్గిపుల్ల దూరేంత సందు.

"ఈ గడ్డను విప్పలేదా?" అన్నాను.

"వేర్లు తెగుతాయని భయపడ్డానండి. అలాగే ఎత్తి పెట్టేశాను."

తొంభై శాతం వేర్లు ఆ గడ్డలోనే ఉన్నాయన్నది చూస్తేనే తెలుస్తోంది. బయటి కొత్త మట్టిలోకి వచ్చినవి పదో పన్నెండో పోగులు. రెండు పూటలా పోసిన నీళ్ళన్నీ గడ్డ చుట్టూ ఉన్న సందులోంచి, పొట్టులోంచి సర్రున జారి రంధ్రాల్లోంచి పోతున్నాయి. పది లెక్కపెట్టేలోగా ధార కట్టిందని నేను మెచ్చుకున్నది దీన్నే. ఆ చీమలూ పిండినల్లి కోసం వచ్చినవి కావు. వాటికి పొడి ఇల్లు దొరికింది. నీళ్ళు నిలిచే మట్టిలో చీమ గుడ్లు పెట్టదన్న చిన్న సంగతి ఆ రోజు గుర్తొచ్చి ఉంటే అయిదు రోజులు కలిసొచ్చేవి.

ఎందుకిలా జరిగింది, ఇప్పుడే ఎందుకు

కడియం వైపు నుంచి నా దగ్గరకొచ్చే మొక్కల్లో చాలావాటికి వేరు చుట్టూ జిగటమట్టి గడ్డ ఉంటుంది. దాన్ని తప్పు పట్టలేం. లారీలో మూడు నాలుగు వందల కిలోమీటర్లు వచ్చే మొక్కకు వేరు కదలకూడదు, తేమ పోకూడదు. ఆ పనికి జిగటమట్టిని మించినది లేదు. అదే గడ్డను లోతులేని ట్రేలో, చుట్టూ గుల్లమట్టి వేసి ఉంచితే కథ తిరగబడుతుంది. జిగటమట్టి ఒకసారి పూర్తిగా ఎండితే కుంచించుకుపోతుంది, పగుళ్ళిస్తుంది, పైనుంచి పడే నీళ్ళను లోపలికి రానివ్వదు. నీళ్ళకు పక్కన సులువైన దారి ఉన్నప్పుడు గడ్డను నానబెట్టే తీరిక ఎక్కడిది?

మరి పద్నాలుగు నెలలు ఎలా బతికింది? మొదటి వేసవిలో గడ్డ ఇంకా పూర్తిగా ఎండలేదు. తరువాత నైరుతి వానలు గంటల తరబడి పడి దాన్ని నానబెట్టాయి. చెంబుడు నీళ్ళు చేయలేని పని ముసురు చేస్తుంది. నవంబరు నుంచి వాన లేదు. చలికాలంలో చెట్టు తాగేది తక్కువ కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఫిబ్రవరి చివర కొత్త చిగుళ్ళేసి ఆకులు రెట్టింపయ్యాయి. ఏప్రిల్ ఎండ తగిలేసరికి దాహం పెరిగింది, గడ్డ రాయైంది. కింది ఆకులు పసుపెక్కి రాలడం నీళ్ళు ఎక్కువైనందుకని నేను అనుకున్నాను. దాహానికి కూడా ఫైకస్ ముదురాకులనే ముందు వదులుకుంటుంది.

నేను రెండు రోజులు నీళ్ళు ఆపించడంతో బయటి పది పోగులకు అందుతున్న ఆ కాస్త తడి కూడా పోయింది. ఎడమ కొమ్మ మీది రెండు రెమ్మలు నా ఖాతాలోనే రాసుకోవాలి.

చేసిన పని

కొట్టు వెనక పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఉంది. ముందు గడ్డ మీద దబ్బనంతో పదిహేను రంధ్రాలు చేశాను. లావు వేర్లు తగిలిన చోట తప్పించి, ఏటవాలుగా. తరువాత ట్రేను అలాగే తొట్టిలో దించి, నీళ్ళు మట్టి పైకి అర అంగుళం వచ్చేలా నింపాం. మొదట అరనిమిషం ఏమీ లేదు. తరువాత ఒక్కో రంధ్రం లోంచి బుడగలు. సోడా సీసా మూత తీసినట్టు మొదలై, సన్నని దారాల్లా వస్తూనే ఉన్నాయి. చీమలు గుడ్లు నోట కరుచుకుని కాండం ఎక్కాయి. ఇరవై అయిదు నిమిషాలకు బుడగలు పలచబడ్డాయి.

షావుకారు గారి భార్య టీ తెచ్చి ఇచ్చి, వంగి చూసి అన్నారు: "అంటే మినప్పప్పు నానబెట్టినట్టన్నమాట. పైన నీళ్ళు చల్లితే నానుతుందేటి?" అరగంట నుంచి నేను ఆయనకు చెప్పడానికి తంటాలు పడుతున్నది అదే.

బయటికి తీసి, చుక్క ఆగాక తూస్తే 11 కిలోల 260 గ్రాములు. మామూలుగా నీళ్ళు పోసినప్పటి కంటే 410 గ్రాములు ఎక్కువ. రోజూ రెండు పూటలా పోసినా ఆ గడ్డకు అందని నీళ్ళు అవి. షావుకారు గారు చెవి వెనక పెన్సిల్ తీసి ఖాతా పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నారు.

ఒక్కసారి నానబెడితే చాలదు. మూడు రోజులు పొద్దున ఒకసారి, ఆ తరువాత వారం రోజులు రోజు విడిచి రోజు. రోజంతా తొట్టిలోనే ఉంచేయమన్నాను అనుకుని మూడో రోజున కుర్రాడు ఉంచబోతే ఆపాల్సొచ్చింది. బుడగలు ఆగాక నీళ్ళలో ఉంచితే, మనం మొదట భయపడ్డ వేరుకుళ్ళునే పిలిచి తెచ్చుకున్నట్టు.

ట్రేను మేడ మీంచి దించి తూర్పు వసారాలో పెట్టించాను. ఎనిమిదింటి వరకే ఎండ. ఎండిన ఆకులన్నీ తీసేసి, మిగిలిన వాటిలో సగం ఆకులను తొడిమ మాత్రం వదిలి కత్తిరించాను. ఉన్న వేర్లు ఎంతమందికి నీళ్ళు మోయగలవో అంతమందినే ఉంచాలి. పాలీథీన్ కవరు కప్పుదామని షావుకారు గారు అడిగారు. మేలో మన దగ్గర కవరు కప్పితే మొక్క ఉడుకుతుంది, వద్దన్నాను. ఎరువు, మందు, ట్రే మార్చడం, ఏదీ వద్దన్నాను. ఈ దశలో జనం ఎక్కువగా చేసే తప్పు టెన్షన్ పడి ఒకేసారి నాలుగు పనులు చేయడం. చెట్టు కోలుకున్నా చచ్చినా దేనివల్లో తెలియదు.

నాలుగో రోజు తెల్లవారుజామున మిగిలిన ఆకులు తొడిమల దగ్గర నిలబడ్డాయి. పన్నెండో రోజుకు పాలబొట్టు మళ్ళీ మిరియపు గింజంతైంది. పదిహేడో రోజున చిటారున ఎర్రటి ముల్లులాంటి చిగురు తొడుగులు కనిపించాయి. ఎడమ పక్క రెండు రెమ్మలు రాలేదు. వాటిని కోసేశాం.

గడ్డ విప్పడం

అసలు పని అప్పుడే చేయలేదు. చిగురు వేస్తున్న నీరసపు చెట్టు వేర్లను మే ఎండలో కదిలించడం అనవసరపు సాహసం. వానలు నిలదొక్కుకున్నాక, జూలై మొదటి వారంలో, మబ్బు పట్టిన రోజు చూసి కూర్చున్నాం.

గడ్డను మొత్తం విప్పలేదు. కేకును కోసినట్టు మూడో వంతు భాగం మాత్రం, వెదురు పుల్లతో పొడుస్తూ, సన్నటి నీటిధారతో కడుగుతూ తీశాను. నీళ్ళు ఎర్రగా, తరువాత గోధుమరంగుగా, చివరికి తేటగా పారాయి. గడ్డ నడిబొడ్డున అంగుళం మేర అంత వానలోనూ తడవని మట్టి ఇంకా ఉంది. దాని నిండా చీమల సొరంగాలు, తెల్లటి గుడ్లు. అక్కడి సన్నవేర్లు ముట్టుకుంటే విరిగాయి. కుళ్ళు మాత్రం ఎక్కడా లేదు. ఆ ఖాళీలో జల్లించిన ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, కడిగిన ముతక ఇసుక ఒక పాలు, మాగిన ఆకు ఎరువు ఒక పాలు నింపి, పుల్లతో కూరి సందులు లేకుండా చేశాను. కొబ్బరి పొట్టు వేయలేదు. అది చెడ్డదని కాదు. మన దగ్గర పైన త్వరగా ఆరి, మళ్ళీ తడవడానికి మొరాయిస్తుంది. కింద తడిగా ఉండిపోతుంది. కొత్తవాళ్ళ వేలిని అది సులువుగా మోసం చేస్తుంది.

మిగతా రెండు వంతులు వరసగా వచ్చే రెండు వానాకాలాల్లో. అప్పటిదాకా వారానికొకసారి తొట్టి స్నానం, రోజూ దబ్బనం పరీక్ష, నెలకోసారి తూకం. కుర్రాడు ఇప్పుడు "ఓదా అఛి" అనడానికి ముందు దబ్బనం గుచ్చి మొన చూస్తున్నాడు.

మొన్న వెళ్ళినప్పుడు ఖాతా పుస్తకం అట్ట చూశాను. నీళ్ళు పోసిన తరువాతి తూకం, నానబెట్టిన తరువాతి తూకం పక్కపక్కనే రాసి, తేడా కింద గీత గీశారు. 410తో మొదలై 180, 120, 90. ఆఖరి వరసలో 60. కుడి వెనక భాగంలో, ఇంకా విప్పని చోట, దబ్బనం మొనకు కాస్త దుమ్ము అంటుతూనే ఉంది.